చక్రాల ఇంటి జమాఖర్చులు

అమ్మడూ, ఉద్యోగం ఎలాగూ ఇంటి నుంచే కదా అని అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఒక ట్రావెల్ ట్రెయిలర్ కొనుక్కుని, కొన్నేళ్ళు అందులోనే కాపురం ఉంటూ అమెరికా అంతా తిరుగుదామని మీరిద్దరూ అనుకుంటున్నారట. మీ అమ్మ ఫోన్ చేసి "నువ్వైనా చెప్పు నాన్నా" అంది. మానెయ్యమని చెప్పమని దాని భావం. నేను మానెయ్యమనను. కానీ కొనేముందు కాస్త లెక్కలు చూసుకోమంటాను.

నేల మీద కట్టిన ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, వాడాక ఎటు పోతున్నాయో మనం పట్టించుకోం. కరెంటూ అంతే. ఆ లెక్కలన్నీ మునిసిపాలిటీ వాళ్ళూ, కరెంటు ఆఫీసు వాళ్ళూ చూసుకుంటారు. చక్రాల ఇంట్లో మాత్రం ఆ పద్దులన్నీ మీ ఇద్దరి నెత్తిన పడతాయి: బరువు పద్దు, నీటి పద్దు, కరెంటు పద్దు, వేడి పద్దు, తేమ పద్దు. ఏ పద్దులో ఎంత జమ ఉంటే మీకు చాలుతుందో తేల్చుకుంటే ట్రెయిలర్ ఎంచుకోవడం సగం అయిపోయినట్టే. సోఫా రంగు సంగతి తరవాత చూసుకోవచ్చు.

ముందు రకాలు. ఇంజను కూడా తనలోనే పెట్టుకుని ఇల్లే నడిచిపోతే అది మోటార్‌హోమ్. పికప్ ట్రక్కు తొట్టిలో బిగించిన ఇనుప పళ్ళెం మీద ముక్కు ఆనించుకుని సాగేది ఫిఫ్త్ వీల్. బండి వెనక బంపరు దగ్గర ఉండే ఇనుప గుండుకి తగిలించి లాక్కుపోయేది ట్రావెల్ ట్రెయిలర్. దీన్లో ఉన్న సుఖం ఏమిటంటే, ఒకచోట ఇంటిని దింపేసి, ఉత్త బండి వేసుకుని కూరగాయలకి వెళ్ళిరావచ్చు. ఇంజను పాడైతే ఇల్లు మెకానిక్ షెడ్డులో పడి ఉండదు.

ఇదేమీ కొత్త మోజు కాదులే. 1934లో కాలిఫోర్నియాలో హాలీ బౌలస్ అనే ఆయన అల్యూమినియం రేకుల్ని రివెట్లతో బిగించి రోడ్ చీఫ్ అనే ట్రెయిలర్ కట్టాడు. ఆయన అసలు పని గ్లైడర్లు కట్టడం. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం తయారీని దగ్గరుండి చేయించినవాడు కూడా ఆయనే. గాలిని చీల్చుకుపోయే ఆకారం, తక్కువ బరువు అనే రెండు పాఠాలూ విమానం నుంచి నేరుగా ట్రెయిలర్‌కి దిగాయి. ఆ బాటలోనే 1936లో వాలీ బయమ్ అనే ఆయన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అనే ట్రెయిలర్ తెచ్చాడు. 1969 జులైలో చంద్రుడి మీద నుంచి తిరిగొచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్‌లని నాసా వాళ్ళు మొదట ఉంచింది కూడా ఎయిర్‌స్ట్రీమ్‌ని మార్చి తయారుచేసిన ఇంట్లోనే. అందులో గాలి ఒత్తిడిని బయటికన్నా కాస్త తక్కువగా ఉంచారు. ఎక్కడైనా సందు ఉన్నా గాలి లోపలికే వస్తుంది, చంద్రుడి మీంచి సూక్ష్మజీవులేవైనా వాళ్ళతో వచ్చి ఉంటే అవి బయటికి పోవు. అధ్యక్షుడు నిక్సన్ అంతటివాడు కిటికీ అవతల నిలబడి వాళ్ళని పలకరించాడు.

సరే, మొదటి పద్దు బరువు. కొట్టులో నీకు చూపించే అంకెని 'డ్రై వెయిట్' అంటారు. నీళ్ళూ, సామానూ, మనుషులూ ఏమీ లేని ఉత్త పెట్టె బరువు అది. నీకు కావలసింది 'జీవీడబ్ల్యూఆర్' అనే రెండో అంకె. అన్నీ నింపాక ఆ ట్రెయిలర్ ఎంతకి మించి తూగకూడదో అది చెబుతుంది. ఉత్త బరువు 5,000 పౌన్లు, నిండు బరువు 6,500 అనుకుందాం. అంటే మీ సంసారమంతా 1,500 పౌన్లలో, దాదాపు 680 కిలోల్లో సర్దుకోవాలి. మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లదైతే, గ్యాలన్‌కి 8.34 పౌన్ల చొప్పున నీళ్ళే 334 పౌన్లు, 150 కిలోలు. ఇక గ్యాసు సిలిండర్లు, బ్యాటరీలు, బట్టలు, పుస్తకాలు, బియ్యం, ఆ పైన నువ్వు వదలనని పట్టుబట్టే రాళ్ళ గ్రైండరు! పద్దు చూస్తుండగానే నిండిపోతుంది.

లాగే బండికీ ఒక పద్దుంది, చాలామంది తప్పేది అక్కడే. ప్రకటనలో 'ఈ ట్రక్కు 9,000 పౌన్లు లాగుతుంది' అని ఉంటుంది. అది చూసి సంబరపడకు. డ్రైవరు తలుపు తెరిస్తే, మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదని రాసిన చీటీ ఒకటి అంటించి ఉంటుంది. అక్కడ 1,500 అని ఉందనుకో. ట్రెయిలర్ ముక్కు గుండు మీద మోపే బరువు కూడా అందులోంచే తీసెయ్యాలి. 6,500 పౌన్ల ట్రెయిలర్‌లో నూటికి 13 పాళ్ళు ముక్కు మీద పడితే 845 పౌన్లు. మీ ఇద్దరూ కలిసి 300, తగిలింపు సామాను 100. ఇప్పటికే 1,245 అయింది. మిగిలిన 255 పౌన్లలో ట్రక్కులో ఏం వేసుకుంటారో వేసుకోండి. లాగే శక్తి ఇంకా ఎంతో ఉండగానే మోసే శక్తి అయిపోతుంది. లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో కాటాలుంటాయి. అన్నీ సర్దుకున్నాక ఒకసారి ఎక్కించి తూయించుకుంటే అనుమానం తీరుతుంది.

ముక్కు మీద 13 పాళ్ళు ఎందుకు, ఇంకా తగ్గించుకోకూడదా అని అడుగుతావు. మన ఊళ్ళో ఎడ్లబండికి గడ్డి వేసేవాళ్ళని అడిగితే చెప్పేవాళ్ళు. ఇరుసుకి వెనక బరువెక్కువైతే నొగ పైకి లేస్తుంది, కాడి ఎడ్ల మెడల మీద నిలవదు, మెడ పలుపు గొంతుకి బిగుస్తుంది. ముందు బరువెక్కువైతే ఎడ్ల మెడలు కుంగిపోతాయి. అందుకని కాస్త ముందు మొగ్గు ఉండేట్టు వేస్తారు. ట్రెయిలర్‌కీ అదే సూత్రం. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు ముక్కు మీద ఉండాలి.

అయితే నింపాదిగా నడిచే ఎద్దుకి లేని ప్రమాదం ఒకటి గంటకి అరవై మైళ్ళ ట్రక్కుకి ఉంది. పక్కనించి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు ట్రెయిలర్ తోక ఒక పక్కకి ఊగుతుంది. టైర్లు దాన్ని మళ్ళీ దారిలోకి తోస్తాయి. తోపు కాస్త ఎక్కువై అవతలి పక్కకి పోతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. వేగం తక్కువగా ఉంటే ప్రతి ఊపూ ముందు దానికన్నా చిన్నదై, చివరికి ఆగిపోతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ సద్దుమణగడం ఆలస్యమవుతుంది. ఒక హద్దు వేగం దాటాక ప్రతి ఊపూ ముందు దానికన్నా పెద్దదవుతుంది. అక్కణ్ణుంచి బోల్తా పడటానికి ఎంతోసేపు పట్టదు. బరువు ముందుకి జరిపితే ఈ హద్దు వేగం పెరుగుతుంది. తోక చివర సైకిళ్ళూ పెట్టెలూ వేలాడదీస్తే తగ్గుతుంది. కాబట్టి బరువైనవన్నీ ఇరుసు దగ్గర, ఇరుసుకి కాస్త ముందు, నేలకి దగ్గరగా సర్దండి. ఊపు మొదలైతే ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగుతో సరిదిద్దబోవద్దు. యాక్సిలరేటరు మీంచి మెల్లగా కాలు తీసి, ట్రెయిలర్ బ్రేకుని మాత్రం చేత్తో నొక్కండి. అప్పుడు ట్రెయిలర్ వెనక్కి లాగుతుంది, రెండూ తిన్నగా సాగుతాయి. దానికోసం డ్రైవరు చేతికందే చోట ఒక చిన్న మీట ఉంటుంది. బయల్దేరేముందే అది ఎక్కడుందో మీ ఆయన కళ్ళు మూసుకుని చెప్పగలగాలి.

వేగం సంగతి ఎత్తాం కాబట్టి గాలి ఖర్చు కూడా చెబుతాను. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకి 55 మైళ్ళ నుంచి 65కి పెంచితే వేగం పెరిగింది నూటికి 18 పాళ్ళే, గాలి అడ్డు పెరిగేది నూటికి 40 పాళ్ళు. ట్రెయిలర్ ముఖం నిలువెత్తు గోడ కదా, పెట్రోలు ఖర్చులో సింహభాగం దానికే పోతుంది. మీకు ఆఫీసుకి ఆలస్యమయ్యేది ఏమీ లేదు, ఆఫీసు వెనకే వస్తోంది. 60 దాటకండి.

ఇక గోడల సంగతి. అమెరికాలో తయారయ్యే ట్రెయిలర్లలో అధికభాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్ట్ అనే ఊరి చుట్టుపక్కల నుంచే వస్తాయి. చవకరకంలో సన్నటి చెక్క చట్రం మీద ముడతల అల్యూమినియం రేకు కొడతారు. దాని మీది రకంలో అల్యూమినియం చట్రం, నురుగు పలక, ఫైబర్‌గ్లాస్ అట్ట కలిపి అతికిస్తారు. మూడోది పడవలకి చేసినట్టు అచ్చులో పోసిన ఫైబర్‌గ్లాస్ డొల్ల. పైదీ కిందదీ రెండే ముక్కలు, అతుకు నడుం దగ్గర ఒక్కటే. మిన్నెసోటాలో స్కాంప్, టెక్సస్‌లో కసీటా కంపెనీలు అలా చేస్తాయి. వీటిలో చోటు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. ఎందుకంటే ట్రెయిలర్‌కి ప్రధాన శత్రువు కారుడు. దారి పొడవునా అదురుతూ పోయే ఇంట్లో కప్పు మీద ప్రతి చిల్లూ, ప్రతి అతుకూ ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుంది. నీళ్ళు గోడలోకి దిగి, బయటికి కనబడకుండానే చెక్క మెత్తబడిపోతుంది. పాతది కొనేటప్పుడు కిటికీల కింద, మూలల్లో, మంచం అడుగున బొటనవేలితో నొక్కి చూడు. లోపలికి పోయిందంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యి. గదిని బయటికి సాగదీసే స్లైడ్‌అవుట్లు ఎంత ముచ్చటగా ఉన్నా, అవి బరువు పెంచుతాయి, గోడలో పెద్ద కంత పెడతాయి. ఒక్కటుంటే సరే, మూడొద్దు.

గోడల్లో ఇంకో గుట్టుంది. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఇళ్ళు పోయినవాళ్ళని అమెరికా ప్రభుత్వం ట్రెయిలర్లలో ఉంచింది. కొన్నాళ్ళకి కళ్ళ మంటలు, దగ్గు, తలనొప్పులు అని జనం మొరపెట్టుకున్నారు. 2007 డిసెంబరు, 2008 జనవరిల్లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు 519 ఇళ్ళలో గాలి పరీక్షించారు. ఫార్మాల్డిహైడ్ సగటున వందకోట్ల పాళ్ళలో 77 పాళ్ళు ఉంది, కొన్నిట్లో 590 దాకా పోయింది. చెక్కపొట్టుని పలకగా అతికించే జిగురులోంచి వస్తుందది. వేడీ తేమా పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది. నిజానికి అక్కడ తీసుకున్న కొలతలు చలికాలంవి. ఎండాకాలంలో ఇంకెంత ఉండేదో ఊహించుకో! ఆ గొడవ తరవాత 2010లో పలకల తయారీకి హద్దులు పెడుతూ చట్టం చేశారు. ఆ హద్దులు అమల్లోకి వచ్చాక తయారైనది చూసుకోండి. కొత్తదైతే మొదటి కొన్ని వారాలు కిటికీలు బార్లా తీసి ఉంచండి.

తేమ పద్దు నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఎవరూ అది వేసుకోరు. 24 అడుగుల ట్రెయిలర్‌లో పట్టే గాలి 35 ఘనమీటర్లు. 20 సెల్సియస్ డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 17 గ్రాముల నీటి ఆవిరికి మించి మోయలేదు. అంటే మీ ఇంటి గాలి మొత్తం మోయగలిగేది 600 గ్రాములు! మనిషి ఊపిరి నుంచీ చర్మం నుంచీ రోజుకి ముప్పావు లీటరుకి పైగా నీరు ఆవిరవుతుంది. కిటికీలు బిగించుకుని ఇద్దరు మనుషులు ఒక రాత్రి నిద్రపోతే చాలు, గాలి నిండిపోతుంది. తెల్లారేసరికి కిటికీ అద్దాలు కారుతుంటాయి. తేమ 60 శాతం ఉన్న 20 డిగ్రీల గాలి 12 డిగ్రీల చల్లని దేన్ని తాకినా నీరు వదిలేస్తుంది. చలికాలంలో ఒంటిపొర అద్దం, అల్యూమినియం చట్రం, పరుపు అడుగు, అలమరా వెనక గోడ, ఇవన్నీ అంతకన్నా చల్లగా ఉంటాయి. పరుపు తిరగేస్తే బూజు కనబడేది అందుకే.

దీనికి తోడు గ్యాసు. ప్రొపేన్ అణువులో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు. మండితే ఆ ఎనిమిది హైడ్రోజన్లూ నాలుగు నీటి అణువులవుతాయి. లెక్క కట్టు: 44 గ్రాముల ప్రొపేన్‌కి 72 గ్రాముల నీరు. కిలో గ్యాసు కాలిస్తే కిలో ఆరువందల గ్రాముల నీరు పుడుతుంది! పొయ్యి వెలిగించి చలి కాచుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. కారే గోడలతో పోతే పరవాలేదు, కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణం మీదికొస్తుంది. ట్రెయిలర్‌లోనే ఉండే ఫర్నేసులో మంట మూసి ఉన్న పెట్టెలో మండుతుంది, పొగా ఆవిరీ బయటికే పోతాయి. అందుకని అదే వాడాలి. సాంబారూ, పప్పూ ఉడికించడం, తాలింపులూ వీలైనన్ని రోజులు బయట పొయ్యి మీద కానివ్వండి. లోపల వండితే కప్పు మీది ఫ్యాను తిప్పి, ఒక కిటికీ వేలెడు తీసి ఉంచండి. చలిగాలి వస్తుందని జంకకండి. చలిగాలిలో ఉండే ఆవిరి చాలా తక్కువ, అది లోపల వేడెక్కాక తేమని పీల్చుకుని బయటికి పట్టుకుపోతుంది.

మన ఇళ్ళలో సిలిండరులో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్ కలిపిన గ్యాసు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. మన వాతావరణంలో చిక్కు లేదు గానీ మంచు కురిసే చోట సిలిండరు నిండా ద్రవం ఉన్నా పొయ్యి వెలగదు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. అమెరికాలో అదే ఎందుకు వాడతారో అర్థమైందిగా! అది గాలికన్నా బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది. అందుకే గ్యాసు అలారం పాదాల ఎత్తులో పెడతారు. దాని ముందు చెప్పులు, పెట్టెలు అడ్డం పెట్టొద్దు.

కరెంటు పద్దుకి వద్దాం. క్యాంపు స్థలంలో స్తంభానికి ప్లగ్గు పెడితే చిన్న ట్రెయిలర్‌కి 120 వోల్టుల్లో 30 యాంపియర్లు వస్తాయి. అంటే 3,600 వాట్లు. ఏసీకి 1,500, మైక్రోవేవ్‌కి 1,500, రైస్ కుక్కర్‌కి 700. మూడూ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. వేళలు మార్చుకుంటే హాయిగా సరిపోతుంది. పెద్ద ట్రెయిలర్లకి ఇచ్చే 50 యాంపియర్లలో రెండు తీగలు వస్తాయి కాబట్టి మొత్తం 12,000 వాట్లు. రెండు ఏసీలు ఉన్నవాళ్ళకి అది.

అడవిలోనో ఎడారిలోనో ఆగితే స్తంభం ఉండదు. అప్పుడు బ్యాటరీయే గతి. మన కరెంటు బిల్లులో రాసే యూనిట్లలో లెక్క వేద్దాం. ఇద్దరి కంప్యూటర్లకి రోజంతా ఒక యూనిట్, శాటిలైట్ ఇంటర్నెట్‌కి అర యూనిట్, బ్యాటరీ మీద నడిచే ఫ్రిజ్‌కి మరో అర, దీపాలు, పంపు, ఫ్యానులకి పావు. మొత్తం రెండుంబావు. చలికాలం అయితే ఇంకో అర కలుపు. ఫర్నేసు గ్యాసుతో మండినా వేడిగాలిని తోసే ఫ్యాను మాత్రం బ్యాటరీదే తింటుంది. గ్యాసు నిండా ఉండి కూడా అర్ధరాత్రి చలికి వణుకుతూ లేచే కొత్తవాళ్ళంతా ఈ సంగతి మరిచినవాళ్ళే. 100 యాంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఒకటింబావు యూనిట్ ఉంటుంది. అదే సైజు సీసం బ్యాటరీలో సగమే వాడుకోవాలి, లేకపోతే త్వరగా చస్తుంది. పైగా దాని బరువు రెట్టింపుకి మించి. కాబట్టి లిథియంవి రెండు తప్పదు, మూడుంటే నిశ్చింత. లిథియంకి ఒక పత్యం ఉంది. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జి చెయ్యకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుని పాడవుతుంది. ముక్కు మీది ఇనుప పెట్టెలో పెట్టకుండా ఇంటి లోపలే చోటు చూడండి.

ఆ రెండుంబావు యూనిట్లూ కప్పు మీది సోలార్ పలకలు తేవాలి. 100 వాట్ల పలక పడుకోబెట్టి ఉంటే వేసవిలో మంచి ఎండకి రోజుకి 0.4 యూనిట్ దాకా తెస్తుంది. ఆరు పలకలైతే గట్టెక్కుతారు. డిసెంబరులో అవే ఆరు చాలవు. దక్షిణ అరిజోనాలో ఆ నెలలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పడుకున్న పలక మీద పడే ఎండ, ఎదురుగా నిలబెట్టిన పలక మీద పడే ఎండలో సగానికి కాస్త పైన. పలకల్ని ఒక పక్క ఎత్తే ఏర్పాటు ఉంటే ఆ నష్టం చాలామటుకు పూడుతుంది. ఇక ఏసీ సంగతి: ఒక లిథియం బ్యాటరీని గంటలోపే ఖాళీ చేస్తుంది. బ్యాటరీ మీద ఏసీ ఆశ వదులుకోండి.

ఫ్రిజ్‌ల్లో రెండో రకం కూడా చూస్తావు, గ్యాసు మంటతో చల్లబడేది. మంటతో మంచు ఎలా అని ఆశ్చర్యపోకు. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఫాన్ ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళు కనిపెట్టిందది. మంట వేడికి నీళ్ళలో కరిగున్న అమోనియా ఆవిరై పైకి పోతుంది, పైన చల్లబడి ద్రవమవుతుంది, ఆ ద్రవం హైడ్రోజన్ వాయువులోకి ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాక్కుంటుంది, తిరిగి నీళ్ళలో కరిగి కిందికి దిగుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, చప్పుడు లేదు. ఈ దారిలోనే ఐన్‌స్టీన్, జిలార్డ్ కలిసి ఇంకో ఫ్రిజ్ కనిపెట్టి 1930లో అమెరికా పేటెంటు తీసుకున్నారు. చిక్కల్లా ఒకటే. ద్రవాలు తమ బరువుతో తామే కిందికి పారాలి కాబట్టి ట్రెయిలర్ మట్టంగా నిలబడాలి. వాలుగా ఆపి నడిపిస్తే మంట దగ్గర ద్రవం ఆగిపోయి గొట్టం మాడుతుంది. మీకు సోలార్ బాగా పెట్టే ఉద్దేశం ఉంటే బ్యాటరీ ఫ్రిజ్ మేలు. తక్కువ కరెంటుతో ఎడారిలో నెలలు గడపాలంటే గ్యాసుది మేలు.

నీటి పద్దులో ట్యాంకులు మూడు. మంచినీళ్ళది ఒకటి, స్నానం, సింకు నీళ్ళు చేరే బూడిదరంగుది ఒకటి, మరుగుదొడ్డి నల్లది ఒకటి. ఇంట్లో షవర్ కింద నిమిషానికి రెండు గ్యాలన్లు పోతాయి. 40 గ్యాలన్ల ట్యాంకు ఉన్నవాళ్ళు ఒళ్ళు తడుపుకుని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ విప్పుకుంటారు. నిజానికి చెంబుతో పోసుకునే మన స్నానం దీనికన్నా పొదుపు. కొసరు నూనె, పులుసు ఉన్న కంచాల్ని కాగితంతో తుడిచి కడగాలి, లేకపోతే నూనె ట్యాంకులో పేరుకుని కంపు కొడుతుంది. నల్ల ట్యాంకు విషయంలో సిగ్గుపడకుండా వినాలి. క్యాంపు స్థలంలో మురుగు గొట్టం తగిలించే ఉంది కదా అని వాల్వు తెరిచి వదిలేస్తే నీరు ఎప్పటికప్పుడు జారిపోయి, గట్టిది కుప్పగా ఎండిపోతుంది. దాన్ని కదిలించడం ఆ దేవుడి తరం కాదు. వాల్వు మూసి ఉంచి, నీళ్ళు ధారాళంగా పోసి, ముప్పాతిక నిండాక ఒక్కసారిగా వదలాలి. ముందు నలుపు, తరవాత బూడిద. ఆ సబ్బునీరే గొట్టాన్ని కడిగేస్తుంది. గడ్డకట్టే చలిలో నీరు నూటికి 9 పాళ్ళు ఉబ్బుతుంది, గొట్టాలు పగులుతాయి. ట్యాంకుల కింద వేడిగాలి తిరిగే ఏర్పాటు ఉన్న ట్రెయిలర్ అయితేనే చలి ఊళ్ళ జోలికి పోవాలి.

అసలు చలికీ ఎండకీ దొరక్కుండా తప్పుకోవడం అన్నిటికన్నా చవక. ఇల్లు కదులుతుంది కదా! ఎత్తు కిలోమీటరు పెరిగితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అరిజోనాలోనే ఉన్న క్వార్ట్‌జ్‌సైట్ సముద్రమట్టానికి 900 అడుగుల లోపు, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 6,900 అడుగులు. లెక్క ప్రకారం రెంటికీ తేడా 12 డిగ్రీలు. అందుకే చలికాలంలో వేలాది ట్రెయిలర్లు క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో దిగుతాయి. అక్కడి ప్రభుత్వ భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా రుసుము కట్టి ఉండటానికి ప్రత్యేక స్థలాలున్నాయి. ఎండలు ముదరగానే అందరూ కొండలెక్కుతారు. మామూలు ప్రభుత్వ భూముల్లో అయితే సాధారణంగా 14 రోజులకి మించి ఒకేచోట ఉండనివ్వరు. అలా ఉండేవాళ్ళంతా సరదాకి వచ్చినవాళ్ళు అనుకోకు. అద్దెలు కట్టలేక చక్రాలెక్కినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఎంతో ఉంటుంది.

కాగితాల పద్దు త్వరగా ముగిస్తాను. బండి రిజిస్ట్రేషనుకీ, పన్నులకీ ఒక రాష్ట్రంలో చిరునామా ఉండాలి. ఇలా తిరిగేవాళ్ళు ఎక్కువగా టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాలని ఎంచుకుంటారు. 1978లో పుట్టిన ఎస్కేపీస్ అనే క్లబ్బు టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ నుంచి సభ్యుల ఉత్తరాలు వాళ్ళున్న చోటికి పంపుతుంది. చాలా ట్రెయిలర్ల గ్యారంటీ కాగితంలో, ఏడాది పొడవునా కాపురం ఉంటే చెల్లదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు అద్దాలు పెట్టుకుని చదువు. మీకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి సరే, మిమ్మల్ని చూసి మీ స్నేహితులెవరైనా హెచ్-1బీ మీద ఉండి సరదాపడితే మాత్రం ముందు వకీలుని కలవమను. ఆ వీసా పనిచేసే ఊరికి ముడిపడి ఉంటుంది. ఆ పరిసరాలు దాటి పని చోటు మారితే మళ్ళీ దరఖాస్తు పెట్టాలని 2015 నుంచి స్పష్టంగా ఉంది.

ఇంతా విని, మరి ఏది కొనమంటావు తాతయ్యా అంటే, 22 నుంచి 25 అడుగులది, రెండు ఇరుసులది, ఒక్క స్లైడ్‌అవుట్‌కి మించనిది, నిండు బరువుకీ ఉత్త బరువుకీ మధ్య కనీసం 1,500 పౌన్లు తేడా ఉన్నది చూడమంటాను. మీ ఇద్దరూ ఒకే సమయంలో ఫోన్ మీటింగులో మాట్లాడాలి కాబట్టి మధ్యలో తలుపున్న గది ఒకటి ఉండాలి. అదీ కొనడం తరవాత. ముందు ఒకటి అద్దెకి తీసుకుని, జనవరిలో రెండు వారాలు, ఉద్యోగాలు చేసుకుంటూనే అందులో ఉండండి. వేసవి సెలవుల్లో ఉంటే ఏ ట్రెయిలర్ అయినా బాగానే ఉంటుంది. రోజూ ఎన్ని గ్యాలన్ల నీళ్ళు వాడారో, బ్యాటరీలోంచి ఎంత తీశారో, సిలిండరు ఎన్నాళ్ళకి అయిపోయిందో, తెల్లవారుజామున లోపల తేమ ఎంత శాతం ఉందో ఒక పుస్తకంలో రాయండి. ఆ నాలుగు అంకెలూ పట్టుకుని కొట్టుకి వెళితే, ఏది మీకు సరిపోదో గుమ్మంలోనే తెలిసిపోతుంది. అమ్మేవాడు డ్రై వెయిట్ చెప్పడం మొదలెట్టగానే ఆపి, నిండు బరువు ఎంతండీ అని అడుగు.